మీడియా, కమ్యూనికేషన్ డిగ్రీ: మదీనాగూడ నుంచి ఏ దారులు ఉన్నాయి, ఏం నేర్పుతారు, దేనికి పనికొస్తుంది

ముంబై హైవే మీద మియాపూర్‌కూ చందానగర్‌కూ మధ్య ఉన్న మదీనాగూడలో ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయంటే చాలా ఇళ్లలో ఒకటే చర్చ. బీటెక్‌లో ఏ బ్రాంచి, ఏ కాలేజీ. హైటెక్ సిటీ ఇంత దగ్గర్లో ఉన్నప్పుడు ఆ ఆలోచన రావడం సహజమే. అలాంటి ఇంట్లో కొడుకో కూతురో "నేను జర్నలిజం చదువుతా" అంటే అమ్మీ, అబ్బా ఒక్కసారి ఆగి చూస్తారు. ఆ చదువు ఎక్కడుంది, ఎంతవుతుంది, చదివాక తిండి పెడుతుందా, ఆడపిల్లకు సరిపోతుందా అనే ప్రశ్నలు వరుసగా వస్తాయి. చుట్టాల్లో ఇంజనీర్లు దొరుకుతారు, గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు దొరుకుతారు, ఈ చదువు చదివినవాళ్లు మాత్రం తక్కువ. ఆ ప్రశ్నలకు జవాబులు ఒక్కచోట ఉండేలా ఈ వివరాలు.

ఈ డిగ్రీ అంటే ఏమిటి

కాలేజీని బట్టి పేరు మారుతుంది. కొన్నిచోట్ల బీఏ మాస్ కమ్యూనికేషన్, కొన్నిచోట్ల బీఏ జర్నలిజం అండ్ మాస్ కమ్యూనికేషన్, మరికొన్నిచోట్ల మీడియా స్టడీస్. పేరు ఏదైనా లోపల ఉండేవి ఇంచుమించు అవే: వార్త రాయడం, దిద్దడం, రేడియో, టీవీ, సినిమా, ప్రకటనలు, పబ్లిక్ రిలేషన్స్, డిజిటల్ మీడియా, మీడియా చట్టాలు.

ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా చేరొచ్చు. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీ అన్నీ పనికొస్తాయి. ఎంపీసీ చదివి ఇటు వస్తే రెండేళ్లు వృథా అయినట్టేనని చాలామంది అనుకుంటారు. నిజానికి లెక్కలు వచ్చిన విలేకరికి బడ్జెట్, ఎన్నికల ఫలితాలు, ఆరోగ్య గణాంకాలు అర్థం చేసుకోవడం తేలిక.

ఇక్కడ రెండు రకాలున్నాయి, తేడా తెలుసుకోవాలి. మొదటిది, డిగ్రీ మొత్తం మీడియా సబ్జెక్టే ప్రధానంగా ఉండేది. రెండోది, మామూలు బీఏలో మూడు సబ్జెక్టుల్లో ఒకటిగా మాస్ కమ్యూనికేషన్ ఉండేది. రెండోదాంట్లో చేరితే మిగతా రెండూ రాజనీతి శాస్త్రం, సైకాలజీ, ఇంగ్లిష్ సాహిత్యం లాంటివి అవుతాయి. ఇది తక్కువ రకం అనుకోనక్కర్లేదు. సివిల్స్, గ్రూప్స్ పరీక్షల ఆలోచన కూడా ఉన్న పిల్లలకు రెండో రకమే మేలు.

ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా "ఉస్మానియాలో బీసీజే అని ఏడాది కోర్సు ఉండేది కదా" అని గుర్తుచేసుకోవచ్చు. అది డిగ్రీ అయ్యాక చదివే కోర్సు. ఇంటర్ తర్వాత చేరే మూడేళ్ల బీఏ వేరు.

ఈ చదువు ఎక్కడ మొదలైంది

జర్నలిజాన్ని యూనివర్సిటీలో నేర్పడం అమెరికాలోని మిస్సోరీలో 1908లో పెద్ద ఎత్తున మొదలైంది. మన ఉపఖండంలో 1941లో లాహోర్‌లోని పంజాబ్ యూనివర్సిటీ ఆ దారి పట్టింది. స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్లకే, 1954లో, ఉస్మానియా యూనివర్సిటీలో జర్నలిజం విభాగం ఏర్పడింది. దేశంలోని పాత విభాగాల్లో అదొకటి.

ఉస్మానియాకు అంతకుముందే ఇంకో ఘనత ఉంది. 1918లో మొదలైనప్పుడు అక్కడ బోధన ఉర్దూలో సాగింది. సైన్సు, చరిత్ర, వైద్యం పుస్తకాలను ఉర్దూలోకి తేవడానికి దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థే పనిచేసింది. పెద్ద చదువు సొంత భాషలో చెప్పొచ్చని హైదరాబాద్ చేసి చూపింది.

ఈ ఊరి పత్రికా చరిత్రలో ముస్లింల పాత్ర చిన్నదేమీ కాదు. అందులో మొదట తలచుకోవాల్సిన పేరు షోయబుల్లా ఖాన్. ఉస్మానియాలో డిగ్రీ చదివిన ఈ ఉర్దూ పాత్రికేయుడు 'ఇమ్రోజ్' పత్రికకు సంపాదకుడు. హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలవాలని, రజాకార్ల దౌర్జన్యాలు ఆగాలని రాశాడు. 1948 ఆగస్టులో, రాత్రి పత్రిక పని ముగించుకుని ఇంటికి వెళ్తుండగా దాడి చేసి చంపారు. రాసిన చేతిని కూడా నరికారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా లేవు. మీడియా చట్టాలు, నీతి అనే పాఠం చదివే పిల్లలకు ఆయన కథ తెలిసి ఉండాలి. తనవాళ్లకు నచ్చని నిజాన్ని కూడా రాయడం ఈ వృత్తిలో ఎంత బరువైన పనో అది చెబుతుంది.

మరో పేరు సుగ్రా హుమాయూన్ మీర్జా. 1884లో పుట్టిన ఈమె ఆడవాళ్లు పరదా వెనకే ఉన్న రోజుల్లో హైదరాబాద్ నుంచి 'అన్నిసా' అనే మహిళా పత్రికకు సంపాదకత్వం వహించారు. ఆడపిల్లల కోసం సఫ్దరియా స్కూలు పెట్టించారు. "మన ఇళ్లలో ఆడపిల్లలు పత్రికల్లోకి ఎప్పుడు వెళ్లారు" అని అడిగేవాళ్లకు జవాబు ఇదే: వందేళ్ల కిందటే వెళ్లారు.

దగ్గర్లో ఉన్న పెద్ద దారి: మనూ

మదీనాగూడ నుంచి హఫీజ్‌పేట, కొండాపూర్ మీదుగా వెళ్తే గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ ఉంది. అందరూ మనూ అంటారు. పార్లమెంటు చట్టంతో 1998లో ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయం ఇది. ఇక్కడ మాస్ కమ్యూనికేషన్, జర్నలిజం విభాగం ఉంది. ఎంఏతో పాటు ఇంటర్ తర్వాత చేరే బీఏ ఆనర్స్ జర్నలిజం కోర్సు కూడా నడుపుతోంది. క్యాంపస్‌లోని ఇన్‌స్ట్రక్షనల్ మీడియా సెంటర్‌లో ఉర్దూలో పాఠాలు, కార్యక్రమాలు రికార్డు చేస్తారు. కేంద్రీయ యూనివర్సిటీ కాబట్టి ఫీజు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ. హాస్టళ్లూ ఉన్నాయి.

తెలుగు మాట్లాడే ముస్లిం కుటుంబాలు అసలు జాగ్రత్తపడాల్సిన విషయం ఇక్కడే ఉంది. మనూలో బోధన ఉర్దూలో సాగుతుంది. చేరాలంటే పదో తరగతిలోనో, ఇంటర్‌లోనో ఉర్దూను మీడియంగా గానీ ఒక సబ్జెక్టుగా గానీ చదివి ఉండాలి. గుర్తింపు ఉన్న మదర్సా చదువులకూ దారి ఉంది. కర్నూలు, ఖమ్మం, గుంటూరు, నల్గొండ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ చాలా ఇళ్లలో పిల్లలు ఉర్దూ మాట్లాడతారు, లేదా వింటే అర్థం చేసుకుంటారు, కానీ చదవడం రాయడం రాదు. బడిలో సెకండ్ లాంగ్వేజ్ తెలుగు, ఇంటర్‌లో మార్కులు బాగా వస్తాయని సంస్కృతం. రెండేళ్లు గడిచాక చూస్తే ఇంటి పక్కనే ఉన్న యూనివర్సిటీ తలుపు మూసుకుపోయి ఉంటుంది.

కాబట్టి ఆలోచన ఇంటర్ అయ్యాక కాదు, తొమ్మిదో తరగతిలోనే మొదలవ్వాలి. పిల్లకు మీడియా వైపు మొగ్గు ఉందనిపిస్తే ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఉర్దూ ఉన్న కాలేజీ వెతకాలి. ఇప్పటికే ఇంటర్ దాటిపోతే మనూ దూరవిద్య విభాగంలో ఇంగ్లిష్ ద్వారా ఉర్దూ నేర్పే సర్టిఫికెట్ కోర్సు ఉంది. ఏ అర్హతను లెక్కలోకి తీసుకుంటారన్నది ఆ ఏటి ప్రాస్పెక్టస్‌లో చదివి, అనుమానం ఉంటే అడ్మిషన్ ఆఫీసుకు వెళ్లి అడగాలి. అక్కడికి వెళ్లి రావడానికి ఒక పూట చాలు.

అర్హత కాగితం ఉన్నంత మాత్రాన సరిపోదు. మూడేళ్లూ ఉర్దూలో పరీక్షలు రాయాలి. దినపత్రిక మొదటి పేజీ తడుముకోకుండా చదవగలగాలి. ఏడాది ముందు నుంచీ రోజూ ఒక ఉర్దూ వార్త చదివి, దాన్ని తెలుగులో నాలుగు వాక్యాల్లో రాయడం అలవాటు చేస్తే చేరే నాటికి చేయి తిరుగుతుంది.

ఉస్మానియా పరిధి కాలేజీలు, దోస్త్

ఉర్దూ రాని పిల్లలకు మరో పెద్ద దారి దోస్త్. తెలంగాణలో డిగ్రీ అడ్మిషన్లన్నీ ఒకేచోట ఆన్‌లైన్‌లో జరిగేలా 2016లో ఇది మొదలైంది. ఇంటర్ ఫలితాల తర్వాత నోటిఫికేషన్ వస్తుంది. మొదటి విడతలో రిజిస్ట్రేషన్ ఫీజు 200 రూపాయలు. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు తప్పనిసరి. చాలామంది చిక్కుకుపోయేది అక్కడే. తండ్రి గల్ఫ్‌లో ఉండి, ఆధార్ ఆయన పాత నంబరుతో ఉంటే ఓటీపీ రాదు. ఏప్రిల్‌లోనే మీసేవకు వెళ్లి పిల్లల ఆధార్‌కు నంబరు మార్పించుకుంటే ఆ తలనొప్పి ఉండదు.

వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ పేరు ఒక్కటే చూస్తే సరిపోదు, సబ్జెక్టుల కాంబినేషన్ చూడాలి. బీఏ అని రాసి ఉన్న ప్రతిచోటా మాస్ కమ్యూనికేషన్ ఉండదు. బషీర్‌బాగ్‌లోని నిజాం కాలేజీ, కోఠి మహిళా యూనివర్సిటీ లాంటి పాత ప్రభుత్వ సంస్థల లిస్టులో ఆ సబ్జెక్టు కలిసిన కాంబినేషన్ వెతుక్కోవాలి. బేగంపేటలోని సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కాలేజీలోనూ, అల్వాల్‌లోని లయోలా అకాడమీలోనూ మాస్ కమ్యూనికేషన్ చదువు చాలా ఏళ్లుగా ఉంది. కొన్ని స్వయంప్రతిపత్తి కాలేజీలు దోస్త్‌తో సంబంధం లేకుండా సొంతంగా దరఖాస్తులు తీసుకుంటాయి. వాటి తేదీలు విడిగా చూసుకోవాలి, తరచూ ముందే అయిపోతాయి.

కెమెరా, ఫొటోగ్రఫీ, డిజైన్ మీద ఇష్టం ఉన్నవాళ్లకు మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో బీఎఫ్‌ఏ ఉంది. అందులో ఫొటోగ్రఫీ, విజువల్ కమ్యూనికేషన్ ఒక శాఖ. దీనికి విడిగా ప్రవేశ పరీక్ష రాయాలి. సినిమా వైపైతే అన్నపూర్ణ స్టూడియోస్‌కు చెందిన ఫిల్మ్, మీడియా కాలేజీ లాంటి ప్రైవేటు సంస్థలున్నాయి. వాటి ఫీజులు లక్షల్లో ఉంటాయి.

రాష్ట్రం బయటి కేంద్రీయ యూనివర్సిటీల కోసమైతే సీయూఈటీ రాయాలి. 2022 నుంచి ఈ పరీక్షతోనే ఎక్కువ కేంద్రీయ వర్సిటీలు డిగ్రీ సీట్లు ఇస్తున్నాయి.

వెళ్లి రావడం

మదీనాగూడకు ఉన్న గొప్ప వసతి ప్రయాణం. మియాపూర్ నుంచి మెట్రో ఎర్ర లైన్ 2017 నవంబర్‌లో మొదలైంది. అదే రైలు లక్డీకాపూల్, అసెంబ్లీ, నాంపల్లి, కోఠి మీదుగా ఎల్బీనగర్ పోతుంది. నిజాం కాలేజీకి అసెంబ్లీ స్టేషన్, కోఠి మహిళా యూనివర్సిటీకి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ దగ్గర. అమీర్‌పేటలో నీలం లైన్‌కు మారితే బేగంపేట, ఇంకా ముందుకు పోతే తార్నాక. హఫీజ్‌పేట, లింగంపల్లి స్టేషన్ల నుంచి ఎంఎంటీఎస్ కూడా బేగంపేటకు వెళ్తుంది.

ఆడపిల్లలకు 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. పటాన్‌చెరు నుంచి మదీనాగూడ మీదుగా కోఠి వెళ్లే 218 బస్సు నేరుగా కాలేజీ దగ్గర దింపుతుంది. సమయం ఎక్కువ పడుతుంది, జేబులోంచి మాత్రం రూపాయి పోదు.

మూడేళ్లలో ఏం నేర్పుతారు

మొదటి ఏడాది పునాది. కమ్యూనికేషన్ అంటే ఏమిటి, పత్రికల చరిత్ర, భాష, రాయడం. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అనే ఆరు ప్రశ్నలకు జవాబు చెప్పేలా వార్త రాయడం ఇక్కడే వస్తుంది. వినడానికి సులువే. బస్తీలో మంచినీళ్లు రాలేదన్న చిన్న సంగతి రాసి చూస్తే తెలుస్తుంది. ఎన్ని ఇళ్లకు రాలేదు, ఎన్ని రోజులుగా, వాటర్‌బోర్డు ఏం చెబుతోంది, పైపు ఎక్కడ పగిలింది అని అడగకపోతే అది వార్త కాదు, ఫిర్యాదు మాత్రమే.

రెండో ఏడాది పనితనం. రిపోర్టింగ్, సబ్ ఎడిటింగ్, పేజీ పెట్టడం, రేడియో కార్యక్రమం, కెమెరా, ఎడిటింగ్. రిపోర్టర్ బయట తిరిగి వార్త తెస్తాడు. డెస్క్ మీద సబ్ ఎడిటర్ దాన్ని సరిచూసి, తప్పులు తీసి, హెడింగ్ పెడతాడు. పేరు కనిపించేది రిపోర్టర్‌దే అయినా పేపరు పరువు కాపాడేది డెస్కే.

మీడియా చట్టాలు కూడా ఈ దశలోనే వస్తాయి. రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛ, దానికున్న హద్దులు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ పరువు నష్టం గురించి. లైంగిక దాడికి గురైన వాళ్ల పేరు, బాధితులైన పిల్లల గుర్తింపు బయటపెట్టడం నేరం. ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపులో పెట్టినా అంతే. ఇది ఒక్క విలేకరికే కాదు, ఫోన్ చేతిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలియాల్సిన పాఠం.

సమాచార హక్కు చట్టం 2005 ఇంకో పెద్ద పనిముట్టు. 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే మామూలుగా 30 రోజుల్లో ప్రభుత్వ కార్యాలయం జవాబివ్వాలి. వక్ఫ్ భూమి రికార్డు గానీ, బడి మరుగుదొడ్డికి మంజూరైన నిధి గానీ ఇలా అడిగి తెప్పించుకోవచ్చు.

మూడో ఏడాదిలో ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టు. ఏదైనా పత్రికలో, చానల్‌లో, ప్రకటనల ఏజెన్సీలో నెలో రెండు నెలలో పనిచేయాలి. మార్కుల కంటే ఇదే ముఖ్యం. ఉద్యోగానికి వెళ్తే "నీ రాతలేవి" అని అడుగుతారు. ప్రచురించిన పది వార్తలు, రెండు వీడియోలు ఉన్న పిల్లాడికి, సర్టిఫికెట్ మాత్రమే ఉన్న పిల్లాడికి చాలా తేడా.

మొదట్లోనే ఖరీదైన కెమెరా కొనక్కర్లేదు. మామూలు స్మార్ట్‌ఫోన్, చిన్న కాలర్ మైకు చాలు. ఆడియోకు అడాసిటీ, వీడియోకు డావిన్సీ రిజాల్వ్ ఉచితంగా దొరుకుతాయి. టైపింగ్ మాత్రం తప్పనిసరి. తెలుగుకు యూనికోడ్‌తో పాటు చాలా పత్రికాఫీసుల్లో ఉన్న అను ఫాంట్లు, ఉర్దూకు ఇన్‌పేజ్. ఒకప్పుడు ఉర్దూ పేపరు ప్రతి అక్షరాన్నీ కాతిబులు చేత్తో రాసేవాళ్లు. ఇన్‌పేజ్ వచ్చాక ఆ పని కంప్యూటర్ మీదికి మారింది.

రెండు భాషలు తెలిసిన పిల్లల బలం

తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడూ చదివి రాయగలిగిన విలేకరులు హైదరాబాద్‌లో ఎప్పుడూ అవసరమే. ఈ నగరం నుంచి సియాసత్, మున్సిఫ్, ఏతెమాద్, రహ్‌నుమా-ఎ-దక్కన్ లాంటి ఉర్దూ దినపత్రికలు వస్తున్నాయి. తెలుగు పత్రికల, చానళ్ల ప్రధాన కార్యాలయాలు కూడా ఇక్కడే. పాతబస్తీలో ఒక సంఘటన జరిగితే అక్కడి మనుషులతో వాళ్ల మాటలో మాట్లాడి, సాయంత్రానికి తప్పుల్లేని తెలుగులో రాయగల మనిషి ఏ న్యూస్‌రూమ్‌కైనా విలువైనవాడే.

ఆ మనిషి లేకపోతే ఏమవుతుందో పాఠకులకు తెలుసు. ఆషురా నాడు "మొహర్రం శుభాకాంక్షలు" అని పోస్టర్లు కనిపిస్తాయి. కర్బలా అమరుల్ని తలచుకునే రోజు అది, శుభాకాంక్షలు చెప్పే రోజు కాదు. దర్గాకు, మసీదుకు తేడా తెలియకుండా రాస్తారు. వక్ఫ్ ఆస్తి అంటే ప్రభుత్వ ఆస్తి అన్నట్టు రాస్తారు. ఇందులో చాలావరకు దురుద్దేశం కాదు, డెస్క్ మీద ఆ సంగతి తెలిసిన ఒక్కరూ లేకపోవడం. బయటి నుంచి ఎన్ని ఖండనలు రాసినా, లోపల కూర్చుని రాత్రి పదింటికి ఆ హెడింగ్ మార్చే ఒక్క సబ్ ఎడిటర్ చేసే మేలు ఎక్కువ.

ఇది ఇంకోవైపూ నిజం. ముస్లిం విలేకరి అంటే ముస్లింల వార్తలే రాయాలని లేదు. వ్యవసాయం, క్రికెట్, ఐటీ, కోర్టులు ఏదైనా రాయొచ్చు. 'దర్గామిట్ట కథలు' రాసిన మహమ్మద్ ఖదీర్‌బాబు తెలుగు దినపత్రికలో పాత్రికేయుడిగా పనిచేస్తూనే తెలుగు పాఠకులందరి రచయిత అయ్యారు.

ఖర్చు, స్కాలర్‌షిప్, రిజర్వేషన్

ప్రభుత్వ కాలేజీల్లో ఏడాది ఫీజు వేలల్లోనే తేలిపోతుంది. ప్రైవేటు యూనివర్సిటీల్లో లక్షల్లో ఉంటుంది. దోస్త్ ద్వారా చేరిన అర్హులైన మైనారిటీ విద్యార్థులు ఈపాస్ వెబ్‌సైట్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్, స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టొచ్చు. కుటుంబ ఆదాయ పరిమితి పట్టణాల్లో ఏడాదికి 2 లక్షలు, గ్రామాల్లో లక్షన్నర. ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా, ఆధార్ మూడింట్లో పేరు ఒకేలా ఉండాలి. ఒకచోట షేక్, ఒకచోట షైక్, ఇంకోచోట ఇంటిపేరు లేకుండా ఉంటే దరఖాస్తు ఆగిపోతుంది. మన ఇళ్లలో స్కాలర్‌షిప్‌లు ఆలస్యమయ్యే కారణాల్లో ఇదొకటి.

రిజర్వేషన్ విషయంలోనూ ఒక సంగతి ఉంది. రాష్ట్రంలో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం ఉంది. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు బీసీ-బీ కిందకు వస్తాయి. ఈ రెండూ రాష్ట్ర జాబితాలు. కేంద్రీయ యూనివర్సిటీలు చూసేది కేంద్ర ఓబీసీ జాబితా. రెండూ ఒకటి కావు. మనూ గానీ, సీయూఈటీ గానీ రాసేటప్పుడు తమ వర్గం కేంద్ర జాబితాలో ఉందో లేదో తహసీల్దార్ ఆఫీసులో కనుక్కుని, ఆ ఫార్మాట్‌లోనే సర్టిఫికెట్ తీసుకోవాలి. ఏ రిజర్వేషన్‌లోకీ రాని కుటుంబాలు ఆదాయాన్ని బట్టి ఈడబ్ల్యూఎస్ కోటా చూసుకోవచ్చు.

చదివాక ఏమిటి

ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఈ డిగ్రీతో మొదటి జీతం ఐటీ జీతంతో పోటీ పడదు. చిన్న పత్రికల్లో, మండల స్థాయిలో పనిచేసే విలేకరుల్లో చాలామందికి నెలజీతం ఉండదు. అచ్చయిన వార్తను కొలిచి లైనేజీ ఇస్తారు, కొందరికి అదీ ఉండదు. "విలేకరి కార్డు ఇస్తాం, డిపాజిట్ కట్టండి" అనే మాట వినిపిస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయడం మంచిది. ఉద్యోగం ఇచ్చే సంస్థ జీతం ఇస్తుంది, డబ్బు అడగదు.

అయితే ఈ చదువు పత్రికలకే పరిమితం కాదు. మదీనాగూడ చుట్టూ ఉన్న ఐటీ కంపెనీలకు, ఆసుపత్రులకు, రియల్ ఎస్టేట్ సంస్థలకు కమ్యూనికేషన్ విభాగాలున్నాయి. కంటెంట్ రైటింగ్, సోషల్ మీడియా, సబ్‌టైటిళ్లు, తెలుగు ఉర్దూ లోకలైజేషన్ పనులున్నాయి. ఫ్యాక్ట్ చెకింగ్ ఇప్పుడు సొంతంగా ఒక వృత్తి. హైదరాబాద్ కేంద్రంగా నడిచే ఫ్యాక్ట్‌లీ లాంటి సంస్థలు పుకార్లను పరిశీలించి తెలుగులోనూ రాస్తున్నాయి. వాట్సాప్‌లో తిరిగే ఒక వీడియో ఎప్పటిదో, ఎక్కడిదో నిదానంగా వెతికి చెప్పడం ఎంత అవసరమో ముస్లిం బస్తీలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

రేడియో మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఇదే ముంబై హైవే మీద జహీరాబాద్ వైపు వెళ్తే మాచనూరు ఊరి సంగం రేడియో చూడొచ్చు. 2008 అక్టోబర్ 15న మొదలైన ఆ స్టేషన్‌ను నడిపేది పల్లె దళిత మహిళలు. పెద్ద స్టూడియో, పెద్ద డిగ్రీలు లేకుండానే తమ పంటల గురించి, తమ మాటలో కార్యక్రమాలు చేస్తున్నారు.

పై చదువులకు మదీనాగూడ కంటే అనువైన చోటు తక్కువ. లింగంపల్లి దాటితే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. అక్కడి సరోజినీ నాయుడు స్కూల్లో కమ్యూనికేషన్ ఎంఏ ఉంది, బోల్ హైదరాబాద్ అనే కమ్యూనిటీ రేడియో ఉంది. మియాపూర్ నుంచి బాచుపల్లి వైపు వెళ్తే తెలుగు యూనివర్సిటీ. గోల్కొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి పేరును 2025లో దానికి పెట్టారు. అక్కడ కూడా జర్నలిజం పీజీ నేర్పుతారు. ఉస్మానియాలో పీజీకి సీపీగెట్ రాయాలి. ఢిల్లీలో జామియా మిల్లియాలోని మాస్ కమ్యూనికేషన్ కేంద్రం దేశమంతటా పేరున్నది. డిగ్రీ ఎలాగూ డిగ్రీయే కాబట్టి గ్రూప్స్, సివిల్స్, బీఈడీ, లా దారులు కూడా తెరిచే ఉంటాయి.

ఆడపిల్లల విషయం

ఇంట్లో పెద్దలకు ఉండే భయం ఎక్కువగా రాత్రి డ్యూటీ గురించి. దినపత్రిక డెస్క్ సాయంత్రం మొదలై అర్ధరాత్రి దాకా సాగుతుంది, అది నిజమే. కానీ అన్ని పనులూ అలా ఉండవు. వారపత్రికలు, ఫీచర్ పేజీలు, వెబ్‌సైట్లు, కార్పొరేట్ కమ్యూనికేషన్, టీచింగ్ పగటి పనులు. కెమెరా ముందు కనిపించడం ఇష్టం లేకపోతే స్క్రిప్టు, ఎడిటింగ్, రేడియో, పరిశోధన ఉన్నాయి. ఏది చేస్తానంటోందో పిల్లనే అడగాలి. మహిళల వార్డులో, నిఖా గొడవల్లో, ఇద్దత్‌లో ఉన్న ఆడవాళ్ల దగ్గర మగ విలేకరి అడగలేని మాట అమ్మాయి అడగగలదు. అలాంటి వార్తలు ఇప్పటికీ రాయకుండానే మిగిలిపోతున్నాయి.

మోసపోకుండా

మీడియా ఇన్‌స్టిట్యూట్ల ప్రకటనల్లో పెద్ద యాంకర్ల ఫొటోలుంటాయి. చేరేముందు ఒక్క ప్రశ్న అడగాలి: డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీ ఏది? కొన్నిచోట్ల ఇచ్చేది డిప్లొమా మాత్రమే. డిగ్రీ అంటూ వేరే రాష్ట్రం వర్సిటీ పేరు చెబుతారు. ఏదో రాష్ట్రంలో పుట్టిన ప్రైవేటు యూనివర్సిటీ దేశమంతా సెంటర్లు తెరవడాన్ని 2005లో సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢ్ కేసులో తప్పుపట్టింది. యూజీసీ వెబ్‌సైట్‌లో గుర్తింపు ఉన్న వర్సిటీల జాబితా, నకిలీ వర్సిటీల జాబితా రెండూ ఉంటాయి. ఫీజు కట్టకముందే పది నిమిషాలు అవి చూస్తే మూడేళ్లు నిలబడతాయి.

కాలేజీకి స్వయంగా వెళ్లి స్టూడియో తలుపు తీయించి చూడాలి. కెమెరాలు వాడుతున్నవేనా, దుమ్ము పట్టి ఉన్నాయా? విద్యార్థులు నడిపే ల్యాబ్ పత్రిక ఉందా, దాని చివరి సంచిక ఎప్పటిది? పోయినేడు పాసైనవాళ్లలో ఇద్దరు ముగ్గురితో మాట్లాడనిస్తారా? ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పే కాలేజీని నమ్మొచ్చు.

ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్ష ఇంకొకటి ఉంది. నెల రోజులు పిల్లల్ని రోజూ ఒక పేపరు చదవమని, వారానికి ఒకసారి బస్తీలోని ఏదో ఒక సంగతి ఇద్దరిని అడిగి ఒక పేజీ రాయమని చెప్పాలి. టీవీలో కనిపించాలన్న సరదాయే అయితే రెండో వారానికే ఆగిపోతుంది. నాలుగో వారం కూడా నోట్‌బుక్ పట్టుకుని బయటికి వెళ్లే పిల్ల అయితే అమ్మీ అబ్బా నిశ్చింతగా దోస్త్ ఫారం నింపొచ్చు.